మోటారు దేవరకు కట్టిన తప్పు

ఎద్దుల బండి తోలిన పైడయ్య మోటారు డ్రైవరయ్యాక శృంగవరపుకోటలో అతని నడకే మారిపోయింది. తువ్వాలు భుజం మీంచి తలకెక్కింది, తలకెక్కాల్సినవి ఇంకా కొన్ని ఎక్కాయి. అయితే ఆ దర్జా అంతా యజమాని కంటబడేదాకానే. కలప కాంట్రాక్టరు సర్వేశ్వరరావు గారు ఒక్కసారి గొంతు పెంచితే పైడయ్యకి నోట తడి ఉండేది కాదు. పిల్లి ముందు ఎలకే నయం, అదైనా పరిగెడుతుంది.

ఆ చైత్రమాసంలో ఒక ఉదయం ఇద్దరూ అనంతగిరి ఘాటీ ఎక్కి అరకు వెళుతున్నారు. ఆ ఏటి కలప ఎవరు కొట్టుకోవాలో ఫారెస్టు దొర మధ్యాహ్నం అరకులో తేలుస్తాడు. ఆ వేళకి అక్కడ లేనివాడికి పుల్ల కూడా దక్కదు. సరిగ్గా అలాంటి రోజునే బండి దగ్గడం మొదలుపెట్టింది. గుమ్మివలస ఊరి ముందు, ఎగువ చూసి భయపడ్డట్టు ఆగిపోయింది.

పైడయ్య ఇంజను మీది రేకు ఎత్తాడు. ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులు నాలుగు. వాటికి మసి పడితే రవ్వ పుట్టదు, బండి ఎక్కదు. ముందున్న మూడూ తీసి చూస్తే శుభ్రంగానే ఉన్నాయి. దోషం నాలుగోదానిదే. అదేమో ఇంజనుకీ వెనక చెక్కకీ మధ్య సందులో, పొగ గొట్టాన్ని ఆనుకుని నక్కి కూర్చుంది. ఆ బండి తయారుచేసిన మహానుభావుడు పెళ్లాంతో తగువు పెట్టుకొచ్చి ఆ ప్లగ్గు బిగించి ఉంటాడు. పైనుంచి పానా వేసి బిగువు వదిలించవచ్చు గానీ, ఆ పైన వేళ్లతో తిప్పి తీయాలి, కొత్తది వేళ్లతోనే ఎక్కించాలి. పైడయ్య చెయ్యి మణికట్టు దగ్గరే ఇరుక్కుపోయింది. విశాఖపట్నంలోనైతే బండిని చల్లారబెట్టి, గొట్టం ఊడదీసి, తీరిగ్గా చేస్తారు.

గొట్టం మీద ఉమ్మి వేసి చూశాడు. చుయ్యిమని ఎగిరిపోయింది.

"ఇంకెంతసేపురా?" అన్నారు సర్వేశ్వరరావు గారు వెనక సీట్లోంచి.

"సల్లారాల బాబూ. కూసింత సేపు..."

"నువ్వు చల్లార్చుకుంటూ కూర్చో. కలప పోతే రేపణ్నించి మళ్లీ ఎద్దుల తోకలే పట్టుకుందువు గాని."

పైడయ్య వణికాడు. నిజంగానే, చేతిలో పానా గొట్టానికి తగిలి టకటకమంది.

అప్పటికి ఊరు ఊరంతా రోడ్డు మీదికి వచ్చేసింది. మర్నాడు వాళ్లకి విత్తనాల పండగ. ప్రతి ఇంటివాళ్లూ తమ విత్తనాలు తెచ్చి దిసారి బుట్టలో కలుపుతారు. ఊరి పూజలూ మంచిరోజులూ చూసే పెద్దని అక్కడ దిసారి అంటారు. అతను ఆ విత్తనాలు దేవర ముందు పెట్టి తిరిగి తలా కొంత పంచాకే ఎవరైనా కొండపోడులో చల్లడం. ఆ బుట్టలో కలవని ఇంటికి ఆ ఏడు సేద్యం లేదు. సోములమ్మ అనే మనిషి కూడా సామల బుట్ట పట్టుకుని దిసారి ఇంటికి పోతూ ఆగింది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు, ఉన్నదల్లా ఆ పోడు చెక్కే. మనిషి వెదురుపుల్ల, చెయ్యి అంతకన్నా సన్నం.

పైడయ్య కళ్లు ఆ చేతి మీద పడ్డాయి.

"ఓలప్పా, ఇలాగ రా. ఆ సందులో తెల్లటి పింగాణీ ముక్క ఉన్నాది సూడు. ఏళ్లతో తిప్పి తీసీ. మళ్లీ ఇది ఎట్టి తిప్పీ. అంతే."

సోములమ్మ వంగి లోపలికి చూసింది. "కాల్తాదేటి బాబూ?" అంది.

"లేదు. సల్లారిపోనాది."

అబద్ధం అంత తేలిగ్గా నోటికొచ్చిందని అతనికే ఆశ్చర్యం వేసింది.

సోములమ్మ ఒకసారి అతని ముఖం చూసింది, ఒకసారి వెనక సీటు వైపు చూసింది. బుట్ట కింద పెట్టి చెయ్యి లోపలికి పోనిచ్చింది. పెదవి కొరుక్కుంది తప్ప కిక్కురుమనలేదు. మసి ప్లగ్గు బయటికొచ్చింది. ఆమె మళ్లీ చెయ్యి పెట్టి కొత్తది ఎక్కించింది. ఆఖర్న చెయ్యి తీస్తే మోచేతి నుంచి మణికట్టు దాకా తోలు వలిచినట్టు ఊడి ఉంది.

ఆడవాళ్లు కెవ్వుమన్నారు. పైడయ్య గబగబా ప్లగ్గు బిగించి, ముందుకెళ్లి హ్యాండిలు తిప్పాడు. ఇంజను పాట అందుకుంది. ఇక ఎక్కి పోవడమే. కానీ దిసారి బుధు బండికి అడ్డంగా నిలబడ్డాడు.

బుధు ముసలివాడు, అనుమానం లేని మనిషి. నిప్పు లేదు, మంట లేదు, మనిషి కాలింది. అంటే ఇనుములో ఉన్న దేవరకి కోపం వచ్చింది. మొక్కు చెల్లించకుండా సోములమ్మ దేవర కడుపులో చెయ్యి పెట్టింది. తప్పు ఆమెదే. ఆ తప్పు తీరకుండా ఆమె విత్తనం బుట్టలో కలిపితే ఊరందరి పోడూ మాడిపోతుంది.

"తప్పు కడతాం బాబూ. కూసింత ఆగండి," అన్నాడు.

సర్వేశ్వరరావు గారు నవ్వేశారు. "బేగా కట్టించరా పైడయ్యా. మోటారుకి కూడా భక్తులు తయారయ్యారు."

ఎవరో పరిగెత్తి సోములమ్మ ఇంటి నుంచి కోడిపెట్టని తెచ్చారు. బుధు రేకుకి పసుపు పూసి, బియ్యం చల్లి, పెట్టని మూడుసార్లు తిప్పి పైడయ్య చేతుల్లో పెట్టాడు. పైడయ్యకి ఏం చేయాలో తెలియలేదు. పెట్ట గుండె అరచేతిలో కొట్టుకుంటోంది.

"దేవరకి పూజారివి నువ్వే గదా. కోపం తీరినాదని నువ్వు నోరిప్పి సెప్పాల," అన్నాడు బుధు. "సెప్తే దీని గింజలు కలుపుతాం."

పైడయ్య ఒళ్లంతా సిగ్గుతో మండిపోయింది. ఆమె చేసిన తప్పేమిటి? తప్పంతా తనది. వేడని తెలిసీ చెప్పిన మాట అది. ఇప్పుడు తను ఆమెని క్షమించాలట! నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. వెనక సీట్లోంచి సర్వేశ్వరరావు గారు గడియారం మూత టప్పున మూశారు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

సోములమ్మ దగ్గరికొచ్చింది. కాలిన చేతికి ఎవరో ఆకు పసరు పూశారు. ఆచారం ప్రకారం తప్పు కట్టినవాళ్లు పాదాలు ముట్టాలి. వంగింది. వంగి, అతనికి మాత్రమే వినబడేటట్టు అంది:

"బేగి సెప్పీ నాయనా. గింజలు కలపాల."

"అప్పా, నాను..."

"నాకు తెల్సు. వంగినప్పుడే సెగ మొహానికి తగిలినాది. నువ్వు ఆ బాబుని సూసి ఒణికిపోతన్నావు. మా ఇంటాయన పారెస్టు గార్డుని సూసి అచ్చం ఇలాగే ఒణికీవోడు. సూడలేక సెయ్యి ఎట్టినాను. సెప్పీ."

తిట్టినా బాగుండేది. చెయ్యి చూపించి ఏడ్చినా బాగుండేది. అతని పిరికితనం ఆమెకి కనబడింది, దాని మీద జాలి కలిగింది. ఆ జాలి ఖరీదు ఆమె చేతి తోలు. పైడయ్య తల ఎత్తలేకపోయాడు.

"తీరినాది," అన్నాడు.

"గట్టిగా సెప్పు బాబూ," అన్నాడు బుధు.

"తీరినాది!"

డప్పు మోగింది. ఊరి జనం వరసకట్టి వచ్చి ఒక్కొక్కరూ అతని పాదాలు ముట్టుకున్నారు. సోములమ్మ ఎడమచేత్తో బుట్ట ఎత్తుకుని దిసారి వెనక నడిచిపోయింది.

బండి ఎగువకి జోరుగా ఎక్కింది. "భేషు! రాత్రికి కోడికూర," అన్నారు సర్వేశ్వరరావు గారు. కలప ఆయనకే దక్కింది. కూర పైడయ్యే వండి వడ్డించాడు. తనకి కడుపులో బాగులేదని చెప్పాడు. ఈసారి చెప్పింది అబద్ధం కాదు.

ఆ తర్వాత ఆ బండి గుమ్మివలస మీదుగా చాలాసార్లు తిరిగింది. మోటారు పూజారి వస్తున్నాడంటే జనం రోడ్డుకి వచ్చేవారు. జ్వరం తగిలిన పిల్లల్ని ఎత్తి చూపేవారు. నెత్తిన చెయ్యి పెట్టమనేవారు. పెట్టేవాడు, పెట్టకపోతే ఎందుకని అడుగుతారు గనక. సోములమ్మ అందరి వెనకా నిలబడేది. వంకర తిరిగి ముడుచుకుపోయిన ఆ చేతిని కొంగులో దాచుకునేది. అతను అబద్ధం చెప్పాడన్న మాట ఒక్కనాడూ ఎవరితోనూ అనలేదు.

దిగువకి వచ్చేటప్పుడు పైడయ్య ఊరికి ఎగువనే ఇంజను ఆపేసి, బండిని చప్పుడు లేకుండా జార్చుకుపోయేవాడు. పెట్రోలు మిగుల్తోందని యజమాని మెచ్చుకునేవారు. ఎక్కేటప్పుడు మాత్రం ఆ వీలు లేదు. ఇంజను మోత కొండంతా వినబడేది, వాళ్లు దండాలు పెట్టడానికి ముందుగానే వచ్చి నిలబడేవారు.