కరెంటు పోయిన పూట

నాది జనరేటర్లు అద్దెకిచ్చే వ్యాపారం. మా ఆవిడది అణు విద్యుత్ కేంద్రంలో రియాక్టర్ నడిపే గదిలో ఉద్యోగం. రియాక్టర్ నడిచినన్నాళ్లూ ఊళ్లో కరెంటు పోదు, నాకు బేరాలుండవు, ఆవిడ వేళకి ఇంటికొస్తుంది. ఇంధనం మార్చడానికి దాన్ని ఆపారంటే కోతలు మొదలవుతాయి. నా జనరేటర్లన్నీ రోడ్డెక్కుతాయి, ఆవిడ కేంద్రంలోనే ఉండిపోతుంది. కొట్టుకి లాభమొచ్చిన ప్రతి కాలమూ ఇంటికి నష్టమే.

ఈసారి రియాక్టర్ ఆపినప్పుడు నా బేరాలు బాగా సాగాయి. ఆవిడ దువ్వెన అద్దం ముందు అలాగే ఉంది. సొరుగులో పెడదామని తీసి, తుడిచి, మళ్లీ అక్కడే పెట్టేవాణ్ని.

"ఇంకో రియాక్టర్ కూడా కట్టేస్తే నేను గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలా?" అన్నాను ఫోన్లో.

"కూర్చోండి. వీధి వీధంతా ఏసీలు, బండ్లకి ఛార్జింగులు. మీ డీజిలు పొగతో ఎన్నాళ్లు నెట్టుకొస్తారు? గాలి పడిపోతే గాలిమరలు ఆగుతాయి, మాది ఆగదు. రెండోది కూడా వస్తే ఒకటి ఆపినా ఊరికి తెలియదు."

"అప్పుడైనా ఇంటికొస్తావా?"

"రెండోదానికి నన్నే వేశారండీ. అది నడిచేదాకా రాలేను. శనివారం సాయంత్రం ఒక్క పూట వస్తాను."

ఆ వారంలోనే రియాక్టర్ మళ్లీ మొదలైంది. శనివారం కొట్టు పెందలాడే కట్టేసి, డ్రైవర్లను పంపేసి, దుప్పటి మార్చి కూర్చున్నాను. చీకటి పడే వేళకి కరెంటు పోయింది. రియాక్టర్ మళ్లీ ఆగిందన్నమాట. అది ఆగితే ఆవిడను కదలనివ్వరు. చీకటికి నాకు తెలిసిన అర్థం ఇన్నేళ్లూ అదొక్కటే.

ఫోన్ మోగింది. కోల్డ్ స్టోరేజీ ఆయన.

"బావా, చెల్లెమ్మ స్విచ్ కట్టేసినట్టుంది, నీ పంట పండింది! పెద్దది పంపు."

"నేనే తెస్తున్నా" అన్నాను. రాని మనిషి కోసం చీకట్లో కూర్చోవడం కన్నా బేరమే నయమనిపించింది. ఆ తర్వాత దారి పొడవునా ఫోన్లే. ఒక్కటీ వదల్లేదు.

తిరిగొచ్చేసరికి వీధి నిండా వెలుగు. పక్క వాటాలో ఉండే అక్క గుమ్మంలోనే పట్టుకుంది.

"ఎక్కడ ఊరేగుతున్నావురా? మరదలొచ్చి చీకట్లో కూర్చుని కూర్చుని ఇప్పుడే వెళ్లింది. కేంద్రం బస్సు ఆగదుగా! ఎన్నిసార్లు చేసినా నీ ఫోను ఎంగేజే."

"రియాక్టర్ ఆగలేదా?"

"అదెందుకు ఆగుతుంది? మన పేట లైను మీద కొమ్మ విరిగిపడింది. జనరేటర్లాయన ఇంట్లో కొవ్వొత్తికి దిక్కులేదని నవ్వింది కూడాను."

ఎలా నవ్విందో అక్కను అడగలేకపోయాను. లోపలికెళ్లి అద్దం ముందు నిలబడ్డాను. దువ్వెన పళ్లలో ఒక పొడుగాటి వెంట్రుక. ఆ రోజు నుంచి దువ్వెన తుడవడం మానేశాను.

ఇప్పుడు కరెంటు పోతే డ్రైవర్లే వెళ్తారు. నేను గుమ్మంలో లాంతరు వెలిగించుకుని కూర్చుంటాను. మొన్న కోల్డ్ స్టోరేజీ ఆయన వచ్చి, "వ్యాపారం చేస్తున్నావా, కాపలా కాస్తున్నావా?" అని దెప్పాడు.

"రెండో రియాక్టర్ ఎప్పుడు మొదలవుతుందంటున్నారు?" అని అడిగాను.

"అది మొదలైతే నీ కొట్టు మూతే కదా బావా!"

"తెలుసు. ఎప్పుడంటున్నారు?"