శాంతవ్వకు రావాల్సిన నలభై నిమిషాలు

పది గంటలకు మొదటి గంట కొట్టింది మొగులమ్మే. వరండాలో వేలాడదీసిన రైలు పట్టా ముక్కను ఇనుప కడ్డీతో మోగించి వెనక్కి తిరిగేసరికి, కూతురు శాంతవ్వ ఇంకా గది బయటే నిలబడి ఉంది. లోపల అందరికీ లెక్కల పేపరు పంచుతున్నారు.

వికారాబాదు హైస్కూల్లో ఆ ఏటి హెచ్.ఎస్.సి. పరీక్షలవి. ఇవి గట్టెక్కితేనే హైదరాబాదులో పి.యు.సి. సీటు. లెక్కల్లో మార్కులొస్తేనే ఆ పిల్ల కోరుకున్న సైన్సు. తాండూరు గనుల్లో తాతముత్తాతలు బండలు మోసిన ఇంట్లో ఇంతదూరం చదివింది శాంతవ్వ ఒక్కతే.

"హాల్ టికెట్ మీద శాంతవ్వ. నా జాబితాలో శాంతమ్మ. ఎవరినని కూర్చోబెట్టమంటావు?" అన్నాడు సూపరింటెండెంటు. ఆ బడి హెడ్మాస్టరే పరీక్షలకు సూపరింటెండెంటు.

ఆ జాబితా పట్నం నుంచి నిన్ననే వచ్చింది, అంతకుముందు పరీక్షకు హాల్ టికెట్టే చాలింది. పట్నం ఆఫీసులో ఏ గుమాస్తాకో 'అవ్వ' అంటే మోటుగా తోచింది. పుణ్యం కట్టుకుందామని 'అమ్మ'ను చేసి పెట్టాడు. నంబరు అదే, తండ్రి పేరు బాలప్ప అదే, బడి అదే. తేడా ఒక్క అక్షరం. వాడి నాజూకుతనం మండిపోను, ఆ ఒక్క అక్షరం ఆడపిల్లను గుమ్మం దగ్గర దొంగలా నిలబెట్టింది.

మొగులమ్మ చేతులు జోడించింది. "సారూ, అది నా బిడ్డనే. నేనే కన్న, నేనే పేరు వెట్టిన. మా దిక్కు ఆడోళ్లను అవ్వ అనే అంటరు."

"నీ సాక్ష్యం చెల్లదు. నువ్వు తల్లివి."

కన్నతల్లి చెబితే చెల్లని పేరు ఎవరు చెబితే చెల్లుతుందో ఆయనే సెలవియ్యాలి. చివరికి శాంతవ్వ చదివిన మిషన్ బడి నుంచి ఏసుదాసు సారు కబురందుకుని, సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. ఈమే ఆమె అని కాగితం రాసి సంతకం చేశాడు. శాంతవ్వ పేపరు అందుకునేసరికి పదీ నలభై.

మొగులమ్మకు అక్షరం ముక్క రాదుగాని గడియారం వచ్చు. బతికుండగా బాలప్ప నేర్పిన విద్య అదొక్కటే. అతను ఈ బడిలోనే చప్రాసీ. అతను పోయాక ఆ పని ఆమెకిచ్చారు గాని ఖాయం చెయ్యలేదు. నెలకు పద్దెనిమిది రూపాయలు, రేపు రావద్దంటే అంతే సంగతులు. ఆఫీసు గోడ మీద ఆ గడియారం కిందనే, అంటరానితనం నేరమని అచ్చేసిన కాగితం ఉంది. గంజి కాచి దాన్ని అంటించింది ఆమే, అంటించమన్నది ఈ సారే. రోజూ పొద్దున తాళాలు ఇవ్వబోతే మాత్రం "కిటికీలో పెట్టు" అంటాడు. ఆమె పెట్టి నాలుగడుగులు వెనక్కి జరిగాక తీసుకుంటాడు.

పట్టా ముక్క కింద కూర్చున్న మొగులమ్మకు మొన్నటి శుక్రవారం గుర్తుకొచ్చి ఒళ్లు మండింది. ఆ రోజు ఇంగ్లీషు పరీక్ష. తాండూరు బండల సాహుకారు కొడుకు రాలేదు. దారిలో జీపు టైరు పగిలిందట. "గంట కొట్టకు మొగులమ్మా, కాస్త ఆగు" అని ఈ సూపరింటెండెంటే చెయ్యి అడ్డం పెట్టాడు. ఇరవై నిమిషాలు ఆగింది గంట. పోయిన ఆ ఇరవై నిమిషాలనూ చివర్లో కలిపి, ఆఖరి గంట కూడా ఆలస్యంగానే కొట్టించారు. జీపు దిగిన ఆ పిల్లవాణ్ణి హాల్ టికెట్ చూపించమన్న పాపాన పోలేదెవరూ. ఉన్నవాడిది ఆడింది ఆట, పాడింది పాట. రూళ్లన్నీ నడిచి వచ్చేవాళ్ల కోసమే పుట్టాయి.

పన్నెండున్నర అయింది.

"మొగులమ్మా, చివరి గంట!"

ఆమె కడ్డీ పట్టుకుని లేచింది. కిటికీలోంచి చూస్తే శాంతవ్వ తల కాగితం మీదికి వంగి ఉంది. చెయ్యి ఆగకుండా పరుగెడుతోంది. మొగులమ్మ కడ్డీ ఎత్తలేదు.

"చెవుడా నీకు?" సూపరింటెండెంటు వరండాలోకి వచ్చాడు.

"ఇనవడ్డది సారూ. నేను కొట్ట. నా బిడ్డకు ఇంక నల్బై నిమిషాలు రావాలె."

"రూలంటే రూలే!"

"గంట ఆపచ్చని నాకేమెరుక? సుక్రారం నాడు సాహుకారి కొడుకు కోసం మీరే ఆపిచ్చిర్రు. గప్పుడే నేర్సుకున్న."

చివరి గంట మోగేదాకా ఎవరూ లేవరాదు, ఎవరి కాగితమూ తీసుకోరాదని పొద్దున చదివి వినిపించింది ఆయనే. గదిలోని మాస్టర్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఉన్నచోటే ఉండిపోయారు.

"రేపటి నుంచి పనిలోకి రాకు!"

పద్దెనిమిది రూపాయలు. ఇంట్లో ఇంకో సంపాదన లేదు. అయినా మొగులమ్మ కడ్డీ వదల్లేదు. "రేపటి సంగతి రేపు సారూ. గియ్యాల గంట నా చేతిల ఉన్నది."

"ఆ కడ్డీ ఇటు తే. నేనే కొడతా."

ఆమె రెండడుగులు ముందుకొచ్చి కడ్డీని రెండు అరచేతుల్లో పెట్టి చాచింది. ఆయన చెయ్యి వచ్చింది, జానెడు దూరంలో ఆగిపోయింది.

"కింద పెట్టు."

"పెట్ట సారూ. నా చేతిలకెల్లే తీస్కోండ్రి."

ఆయన చెయ్యి ముందుకూ రాలేదు, వెనక్కీ పోలేదు. గడియారంలో పన్నెండూ ముప్పై అయిదు. లోపల శాంతవ్వ పేజీ తిప్పి ఇంకో లెక్క మొదలుపెట్టింది.