పాన్‌గల్ దిగుడులో న్యూట్రల్

కొన్నాళ్లుగా మా ఇంట్లో అన్నం కంటే ఎక్కువగా ఉడుకుతున్నది ఒకటే గొడవ. రోడ్డు దిగుడులో బండిని గేరులో ఉంచితే డీజిల్ మిగులుతుందా, న్యూట్రల్ చేస్తే మిగులుతుందా?

మా ఆయన రాఘవేందర్‌కు ఒక చిన్న ట్రాలీ బండి ఉంది. పగలంతా మిల్లుకు వడ్లు తోలతాడు. రాత్రి కరెంటు వచ్చినప్పుడు లేచి మడికి నీళ్లు పెడతాడు. సంత రోజు తెల్లవారకముందే టమాటలు వేసుకుని, నన్ను ఎక్కించుకుని పెబ్బేరుకు బయలుదేరతాడు. పాన్‌గల్ దాటి దిగుడు మొదలవగానే ఆయన చెయ్యి న్యూట్రల్‌కు పోతుంది. అడిగితే “డీజిల్ మిగులుతది” అంటాడు. ఇంకో మాట ఉండదు.

నా తమ్ముడు దినేష్ వనపర్తిలో మెకానిక్. ఒకసారి మా ఇంటికి వచ్చి ఇది విన్నాడు.

“గట్ల కాదు బావా. దిగుడుల గేర్ల ఉంచి ఎక్స్‌లేటర్ మీదికెల్లి కాలు తీస్తే ఇంజిన్‌కు డీజిలే పోదు, చక్రాలే దాన్ని తిప్పుతయి. న్యూట్రల్ చేస్తే అది బంద్ కాకుండ ఉండనీకి తాగుతనే ఉంటది. భారమంత బ్రేకు మీద పడతది.”

“నువ్వు పానా పట్టకముందు సంది తోలుతున్న” అన్నాడు ఈయన.

తమ్ముడు చాయ్ తాగకుండానే లేచి వెళ్లిపోయాడు. మళ్లీ మా గడప తొక్కలేదు. మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. డీజిల్ మిగిలిందో లేదో కానీ నాకు తోడబుట్టినవాడు దూరమయ్యాడు.

నిన్న సంతకు పోతూ నేనే కదిలించాను. “దినేష్ చెప్పిండు గదా, ఒక్కపారి గేర్లనే పోనియ్యరాదు?”

న్యూట్రల్ పడింది. మొండివాడు రాజు కన్నా బలవంతుడని ఊరికే అన్నారా? ఒళ్లు మండి ముఖం తిప్పుకున్నాను.

దిగుడు చివర, సంతకు తోలుకుపోతున్న బర్రెలు రోడ్డు నిండా ఉన్నాయి. ఈయన హారన్ కొట్టడు, బ్రేకు తొక్కడు. తిట్టబోయి చూస్తే తల తలుపుకు ఆని ఉంది. కళ్లు మూతపడి ఉన్నాయి.

భుజం పట్టి గుంజాను. ఉలిక్కిపడి బ్రేకు తొక్కిపట్టాడు. బండి జారుకుంటూ పోయి ఆఖరి బర్రె తోక దగ్గర ఆగింది. వెనక టమాట పెట్టెలు కూలాయి. బర్రెలాయన తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పలేను.

“ఎప్పటి సంది గిట్ల?” అన్నాను.

ఆయన స్టీరింగు వదల్లేదు. “డీజిల్ సంగతి నాకు తెల్వదు వసంతా. దినేష్ చెప్పిందే నిజం కావొచ్చు. ఇంజిన్ సప్పుడు తగ్గితే పాణం జర నిమ్మలమైతది. దినమంతల నాకు దొరికేది గీ దిగుడే. ఊకె కండ్లు మూసి తెరుస్త అనుకుంట.”

ఇన్నాళ్లూ మొండితనం అనుకున్నది అలసట అని తెలిసి ఏడుపొచ్చింది.

“బండి పక్కకు వెట్టు. పండుకో.”

“ఎండెక్కితే టమాటలు ఎవ్వలు కొనరు. సంత పోతది.”

“పోనీ.”

బండి పక్కకు పెట్టగానే తాళంచెవి తీసి కొంగున ముడేసుకున్నాను. సీటు మీద ఒరిగాడో లేదో గురక మొదలైంది. నేను కిందికి దిగి తమ్ముడికి ఫోన్ చేశాను.

“ఏందక్కా, బావ ఒప్పుకున్నడా?”

“ఒప్పుకున్నడు. వచ్చే సంతకు బండి నువ్వు తోలు, దినేషూ. గేర్ల తోలుతవో న్యూట్రల్‌ల తోలుతవో నీ ఇష్టం. మీ బావ పండుకోవాలె.”