ఒక్క కేసూ లేని కండక్టరు

దుప్పటి రెండు కొసలూ కలిపి, గడ్డం కింద అదిమిపట్టి, మధ్యకు మడిచి బల్ల మీద వేసేసరికి కండక్టరు లెక్క నూట నలభైకి చేరింది. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడవటం అతని పని. లెక్క ఎవరూ అడగరు. కానీ ఇరవై తొమ్మిదేళ్ళు బస్సులో తలలు లెక్కపెట్టిన మనిషి ఊరికే చేతులాడించలేడు కదా. ఖాకీ చొక్కా విప్పి మూడేళ్ళయింది, ఈ దేశం వచ్చి రెండు నెలలయింది. అయినా బావ పుణ్యమా అని ఇక్కడా అందరికీ కండక్టరే.

బావంటే అక్క మొగుడు. పద్దెనిమిదేళ్ళు ఈ లాండ్రీలోనే ఉతికాడు. పెళ్ళాం పోయాక ఇంట్లో గోడలు చూస్తూ కూర్చున్న బావమరిదిని "రారా, ఇక్కడ కనీసం గోడలైనా కొత్తవి" అని లాక్కొచ్చింది ఆయనే. ఇప్పుడు మోకాళ్ళు మొరాయించి, మళ్ళీ రాకుండా ఊళ్ళో అక్క దగ్గరికి వెళ్ళిపోతున్నదీ ఆయనే. రెండున్నరకు విమానాశ్రయం బస్సు. కండక్టరుకు సెలవు దొరకలేదు, ఒంటిగంటకు వదిలారు. బస్టాండుకు ఒక్కడే వెళ్ళాలి. ఈ రెండు నెలల్లో అతను ఒంటరిగా బస్సెక్కిన పాపాన పోలేదు.

"జన్మంతా టికెట్లు కొట్టినవాడివి, కొనుక్కోవడం రాదేంట్రా?" అని బావ రోజూ ఎగతాళి చేసేవాడు. నిజమే. జీవితమంతా వడ్డించినవాడికి విస్తరి ముందు కూర్చోవడం చేతకానట్టే ఉంది అతని పని.

స్టాపులో టికెట్ల యంత్రం ముందు నిలబడి బావ చెప్పినట్టే నొక్కాడు. పచ్చ మీట, తర్వాత కింది వరసలో రెండోది, తర్వాత నాణేలు. యంత్రం కాసేపు ఆలోచించి టికెట్టు కక్కింది. అమ్మయ్య అనుకున్నాడు గానీ, మనిషి లేడు, మాట లేదు, ఇదేం టికెట్టు ఇవ్వడమో అర్థం కాలేదు. తన బస్సులోనైతే టికెట్టుతో పాటు ఓ మాటా ఇచ్చేవాడు. కూతురి కాన్పుకు వెళ్ళే తల్లికి ధైర్యం చెప్పేవాడు. పరీక్షకు వెళ్ళే పిల్లకు ఎవర్నో లేపి సీటిప్పించేవాడు. ఆ రోజులు తలచుకుంటే ప్రాణం ఉసూరుమంది.

బస్సెక్కి, అలవాటుగా వెనక తలుపు దగ్గర, కమ్మీ పట్టుకోకుండా కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. టికెట్టు చేత్తో పట్టుకుని, ఎవరో ఒకరు వచ్చి చిల్లు పెడతారని చూస్తున్నాడు. ఆ పని ప్రయాణికుడు చేసుకోవడం ఎక్కడైనా ఉందా? కడ్డీకి బిగించిన పసుపు డబ్బాలో ఎవరి టికెట్టు వాళ్ళే దూర్చి ముద్ర వేసుకోవాలని అతనికి తెలియదు. ఇన్నాళ్ళూ ఇద్దరివీ బావే వేసేవాడు. ఆ సమయంలో ఇతను తలలు లెక్కపెట్టుకుంటూ ఉండేవాడు.

నాలుగో స్టాపులో చెకింగు ఆవిడ ఎక్కింది. నడివయసు, బూడిదరంగు కోటు. ఆమె టికెట్టు తిప్పి చూసిన తీరుకే కండక్టరు చెవులు వేడెక్కాయి. ఆ చూపు అతనికి తెలుసు. ఒక్క టికెట్టుతో రెండు రోజులు తిరగాలనుకునేవాణ్ణి తనూ అలాగే చూసేవాడు. ఆమె జరిమానా పుస్తకం తీసి, దిగమన్నట్టు తలుపు వైపు చూపించింది. రెండు కావస్తోంది. దిగితే బావ వెళ్ళిపోతాడు. పైగా ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో అతని మీద ఒక్క కేసూ లేదు.

"అమ్మా, నేను దొంగను కాను. నేనూ కండక్టర్నే."

తెలుగులో అంటే ఆమెకేం అర్థమవుతుంది? అప్పుడిక సిగ్గు వదిలేశాడు. లేని నోట్లు నిలువుగా మడిచి వేళ్ళ మధ్య పెట్టుకున్నాడు. లేని సంచి చంకలో సర్దుకున్నాడు. "టికెట్, టికెట్... ముందుకు జరగండి బాబూ, లోపలంతా ఖాళీయే" అంటూ, మలుపు తిరుగుతున్న బస్సులో ఏ కమ్మీ తాకకుండా నడిచి, సీటు సీటుకీ వంగి టికెట్లు చించి ఇచ్చాడు. కిటికీ పక్క ముసలామె పకపకా నవ్వి చెయ్యి చాపింది.

చెకింగు ఆవిడ నవ్వలేదు. అతని కాళ్ళ వంక చూసింది. అలా నిలబడే కాళ్ళు ఆ పని చేసినవాళ్ళకే ఉంటాయి. పుస్తకం కోటులో పెట్టేసి, అతని మణికట్టు పట్టుకుని పసుపు డబ్బా దాకా నడిపించి, టికెట్టు దూర్పించింది. డబ్బా టక్కుమంది. ఆవిడ రెండు వేళ్ళు నుదుటికి ఆనించి, తర్వాతి స్టాపులో దిగిపోయింది. కండక్టరుకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

బస్టాండు చేరేసరికి రెండూ ఇరవై. బావ బెంచీ మీద కూర్చుని దారి చూస్తున్నాడు.

"ఒక్కడివే వచ్చావా?"

"లేదు, మేళతాళాలతో వచ్చా."

"డబ్బాలో ముద్ర వేసుకోవాలని చెప్పడమే మర్చిపోయాన్రా! పొద్దుట్నుంచీ అదే బెంగ."

"చెకింగావిడ చెప్పిందిలే. మా డిపార్టుమెంటే."

బావ కడుపుబ్బ నవ్వాడు.

"బాగానే తింటున్నానని అక్కకు చెప్పు బావా."

"వెళ్ళగానే నాచేత అబద్ధాలు మొదలెట్టించకు."

మెట్టెక్కడానికి బావ అతని భుజం పట్టుకున్నాడు. ఎంతమందినో బస్సెక్కించిన భుజమే, ఈసారి బరువనిపించింది. తలుపు మూసుకుంది. అద్దం వెనక బావ ఏదో చెబుతూ బెంచీ వైపు వేలు చూపిస్తున్నాడు. ఏమీ వినపడలేదు. బస్సు కదల్లేదు. కండక్టరు ఉండబట్టలేక అరచేత్తో బస్సు ఒంటి మీద రెండు దెబ్బలు వేశాడు.

"రైట్... రైట్."

బస్సు కదిలింది.

అది మలుపు తిరిగేదాకా చూసి వెనక్కి వచ్చాడు. బెంచీ మీద, బావ కూర్చున్న చోట, గాలికి ఎగిరిపోకుండా సగం తాగిన టీ కప్పు కింద పెట్టిన కొత్త టికెట్ల కట్ట ఉంది, రబ్బరు బ్యాండు వేసి.