పక్కింట్లో చోటుందా?

"రేపు మధ్యాహ్నం లోపు హోస్ట్‌ని చంపేద్దాం" అని మా అమ్మాయి ఫోన్లో అంటూంటే నా చేతిలో గ్లాసు జారి కింద పడింది.

"ఎవర్నే?"

"మనిషిని కాదమ్మా, పెట్టెని."

అమ్మాయిని పిచ్చుక అంటాను. పుట్టినప్పుడు రెండు కిలోలు కూడా తూగలేదు, ఆ పేరే నిలిచిపోయింది. రక్తపరీక్షల ల్యాబులో కంప్యూటర్లు చూసుకుంటుంది. వారం క్రితం మెట్ల మీద జారి మడమకు కట్టు కట్టించుకుంది. అప్పట్నుంచి రోజూ వెంట వెళ్తున్నాను. దాని బ్యాగు నేనే మోస్తాను. లిఫ్టు మధ్యలో ఆగిపోతే తాగడానికని నీళ్ళ సీసా కూడా.

మర్నాడు బస్సులో అడిగాను, ఆ పెట్టె గొడవేమిటని.

"కొత్తగా కొన్న మూడు పెట్టెలమ్మా, ఇంకా పనిలోకి దించలేదు. ఒక్కోదాన్లో ఎనిమిది కంప్యూటర్లు కాపురం ఉంటాయి. నిజంగా ఉండవు, ఉన్నట్టే పనిచేస్తాయి."

"దయ్యాల్లాగా?"

"దయ్యాలే అనుకో. పెట్టె ఇల్లు, దాన్ని హోస్ట్ అంటారు. అవి గెస్టులు. ఒక ఇల్లు కూలితే అందులోవి పక్కిళ్ళల్లో లేచి పని అందుకోవాలి. అలా నడిపించే సాఫ్ట్‌వేర్లు రెండు చూశాం. ఏది తీసుకోవాలో ఇవాళ తేల్చాలి."

"నువ్వెందుకు? పెద్దవాళ్ళు లేరూ?"

"సంతకం నాదమ్మా."

దాని బ్యాగు ఒళ్ళోకి లాక్కున్నాను. పిచ్చుక కంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్నాయన ఎంచిన సాఫ్ట్‌వేర్ ఒకరోజు మొరాయించింది. రక్తం గ్రూపు రిపోర్టులు మూడు గంటలు ఆగిపోయాయి. ఆపరేషన్ బల్ల మీదున్న మనిషికి రక్తం ఆలస్యమైంది. మనిషి బతికాడు. ఆయన ఉద్యోగం బతకలేదు.

పెట్టెల గది ఐసులా ఉంది. పిచ్చుకకి శాలువా కప్పబోతే విదిలించుకుంది. ల్యాబు యజమాని డాక్టరుగారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. మొదటి సాఫ్ట్‌వేర్ అమ్మే కుర్రాడు టై కట్టుకొచ్చాడు. ఎంత బిగుతుగా కట్టాడంటే, తుమ్మితే ఊపిరాడక పడిపోతాడేమోనని నాకు భయం వేసింది.

"చూడండి సార్" అంటూ మొదటి పెట్టె వైరు లాగేశాడు.

తెర మీద ఆ పెట్టెలో కాపురమున్న కంప్యూటర్ల తాలూకు నాలుగు పచ్చచుక్కలు ఎర్రబడ్డాయి. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి నాలుగూ పక్క పెట్టెల్లో పచ్చగా లేచి కూర్చున్నాయి. డాక్టరుగారు చప్పట్లు కొట్టారు.

"ఇంకేం కావాలమ్మా, సంతకం పెట్టేయ్."

పిచ్చుక పెన్ను మూత తీసింది.

దానికి ఆరు నెలలప్పుడు మా ఇంట్లోకి వాననీళ్ళు వచ్చేస్తే మా అక్క ఇంటికి పరిగెత్తాం. అప్పటికే అక్కడ అక్క అత్తవారి తరఫు పదకొండు మంది దిగి ఉన్నారు. అక్క ప్రేమకేం లోటు లేదు, లోటల్లా చోటుకే. పసిదాన్ని ఒళ్ళో పెట్టుకుని తెల్లారేదాకా గుమ్మం బయట మెట్టు మీద కూర్చున్నాను. అదే గుర్తొచ్చి నోరు ఆగలేదు.

"బాబూ, ఆ పక్కింట్లో చోటుందా? అక్కడా అప్పటికే మనుషులుంటారుగా?"

టై కుర్రాడు నవ్వాడు. "అదంతా ఆటోమేటిక్ ఆంటీ."

"ఆటోమేటిగ్గా గోడలు జరగవుగా నాయనా."

"అమ్మా, నువ్వూరుకో" అంది పిచ్చుక. అని, తనే ఊరుకుంది. తెర వైపు వంగి చుక్కలు లెక్కపెట్టింది. "మీరు పెట్టినవి పెట్టెకి నాలుగే. మాకు ఎనిమిదేసి ఉంటాయి. మా మెషిన్ల నకళ్ళు ఇస్తాను. నింపి, అప్పుడు లాగండి."

"అంత అవసరమా మేడమ్?"

"అవసరమే."

నింపడానికి గంట పట్టింది. ఆ గంటలో నేను నీళ్ళ సీసా ఖాళీ చేశాను. ఈసారి వైరు లాగితే ఎనిమిది ఎర్రబడ్డాయి. ఒకటి లేచింది. రెండు. మూడు. నాలుగు. అక్కడే ఆగిపోయింది. మిగిలిన నాలుగూ ఎర్రగానే ఉన్నాయి. బయట మెట్టు మీద కూర్చున్నట్టు.

పిచ్చుక ఎర్రగా మిగిలినవాటి మీద వేలు పెట్టి నాలుగో పేరు చదివింది. "రక్తం గ్రూపు."

"ఎవరు ముందు లేవాలో వరుస పెట్టలేమా?" అని అడిగింది.

టై కుర్రాడు టై వదులు చేసుకున్నాడు. "ఈ ప్యాకేజీలో లేదు మేడమ్. పైదాంట్లో ఉంది."

డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

పెట్టెలు చెరిపి రెండో సాఫ్ట్‌వేర్ ఎక్కించేసరికి సాయంత్రం నాలుగైంది. పిచ్చుక ఎనిమిదేసి నింపి, ఏది ముందు లేవాలో అందులో వరుస పెట్టింది. ఈసారి వైరు తనే లాగింది, కుంటుకుంటూ వెళ్ళి. నేను మోచెయ్యి పట్టుకున్నాను.

ఎనిమిది ఎర్రచుక్కలు. అన్నిటికంటే ముందు రక్తం గ్రూపు లేచింది.

"ఇందులోనూ నాలుగు బయటే ఉండిపోయాయిగా?" అన్నారు డాక్టరుగారు.

"ఉంటాయండీ. హాజరుపట్టీ, పాత ఉత్తరాలు, అలాంటివి. ఎవరు బయటుండాలో ఇక్కడ మనం చెప్పాం, అక్కడ అదే తేల్చేసింది. అందరికీ చోటు కావాలంటే నాలుగో పెట్టె కావాలి. అదీ రాస్తున్నాను."

రాసింది. సంతకం పెట్టింది. డాక్టరుగారు కాగితం రెండుసార్లు చదివి, కింద తనూ సంతకం చేశారు. "చోటుందా అని ముందు అడిగింది మీరేగా" అన్నారు నా వైపు తిరిగి. ఏం తప్పు చేశానోనని చీర కొంగు సర్దుకున్నాను.

తిరుగు బస్సులో పిచ్చుక బ్యాగులోంచి నోటుబుక్కు తీసింది.

"అమ్మా, నీకింకా ఏమేం భయాలున్నాయో చెప్పు. రాసుకుంటాను."

ఎగతాళేమోనని మొహం చూశాను. కాదు. ఊహ తెలిసినప్పట్నుంచీ "ఊరుకో అమ్మా" అన్న పిల్ల, పెన్ను పట్టుకుని కూర్చుంది.

"కరెంటు పోతే? ఆ గదిలోకి నీళ్ళొస్తే? తాళంచెవి ఒక్కళ్ళ దగ్గరే ఉండి, వాళ్ళకి జ్వరమొస్తే? నువ్వు లేని రోజు వైరు ఊడితే ఎవరు చూస్తారే?"

"మెల్లిగా. తాళంచెవి, జ్వరం... ఆఁ, తర్వాత?"

చెబుతూనే ఉన్నాను, రాస్తూనే ఉంది. దిగాల్సిన స్టాపు దాటి రెండు స్టాపులు వచ్చేశామని కండక్టరు చెప్పేదాకా, ఆ ఒక్క భయం నాకు తట్టనే లేదు.