పంది కొవ్వు పట్టిన పాలకూజా

యూదుల పాత ప్రార్థనా మందిరం సినగాగుకు రంగులు వేసి మ్యూజియం చేశామని ఊళ్లో పెద్దలంతా తెగ మురిసిపోతున్నారు.

"ప్రార్థనకు పదిమంది మగాళ్లు దొరకని ఊళ్లో మైనపు యూదుల్ని మాత్రం బాగానే పోగేశారే," అంది సిదోనియా అమ్మమ్మ గుమ్మంలోనే. పక్కన ఉన్న మనవరాలు నోయెమి సిగ్గుతో తల దించుకుంది. జనంలో ఎవరు పలకరించినా దానికి నోరు పెగలదు.

అమ్మమ్మ వచ్చింది ఒక్క కూజా కోసం. అది ఆమె తల్లిది. పంతొమ్మిదివందల నలభై ఒకటిలో, యుద్ధమప్పుడు, సైనికులు ఊళ్లోని యూదుల్ని ద్నీస్టర్ నది అవతలి శిబిరాలకు తోలేసినప్పుడు, తల్లి ఆ పాలకూజాను పక్కింటి ఫ్లోరీకా చేతిలో పెట్టి వెళ్లింది. ఆ ఇంట్లోంచి వెళ్లినవాళ్లలో తిరిగొచ్చింది తల్లీ కూతురూ ఇద్దరే. ఫ్లోరీకా కూజాను నిండా పంది కొవ్వుతో, నవ్వుతూ, అందించింది. పంది కొవ్వు పీల్చుకున్న మట్టిపాత్ర యూదుల వంటింటికి ఇక పనికిరాదు. ఎంత తోమినా ఆ మైల పోదు. తల్లి దాన్ని వాడలేదు, పారెయ్యనూ లేదు. పోయేదాకా బీరువా మీద బోర్లించి ఉంచింది.

ఈ సంగతంతా కార్డు మీద రాస్తేనే కూజా మ్యూజియంలో ఉంటుందని, లేకపోతే వెనక్కి పట్టుకుపోతానని అమ్మమ్మ షరతు పెట్టింది. డైరెక్టరు కోర్నెలియా గుండెల మీద చెయ్యి వేసుకుని మరీ ఒప్పుకుంది. తర్వాత ఫ్లోరీకా మనవడు మేయరయ్యాడు.

ఎర్ర తాడు వెనక శబ్బాతు భోజనాల బల్ల, యూదుల విశ్రాంతి దినం నాడు పరిచేది. చుట్టూ మైనపు కుటుంబం. బల్ల మధ్యలో ప్లాస్టరు కోడి వేపుడు, దాన్ని ఆనుకుని కూజా.

"పాల పక్కన మాంసమా! మా ఇళ్లలో ఆ రెండూ ఒకే బల్ల మీదికి రావు. మా అమ్మ చూసుంటే ముందు ఆ కోడిని, వెనకాలే నిన్ను వీధిలోకి విసిరేది."

"చూడ్డానికి నిండుగా ఉంటుందని పెట్టాం, సిదోనియా గారూ," అంది కోర్నెలియా.

"మా ఇంట్లో చూడ్డానికి వండుకునేవాళ్లం కాదు. నోయెమీ, నా కళ్లు కనబడి చావవు. ఆ కార్డు చదువు."

నోయెమి ముందు మనసులో చదువుకుంది. 'మంచి పొరుగువారైన ఫ్లోరీకా ఉంగురేయాను గారు యుద్ధకాలమంతా భద్రంగా కాపాడి, నిండుగా తిరిగి ఇచ్చిన పాలకూజా.'

అంతే. పంది ఊసే లేదు.

చుట్టూ అందరూ చూస్తున్నారు. అసలు కథ నోయెమికి కంఠతా వచ్చు. అదే చదివినట్టు చెప్పేస్తే గొడవుండదు, ఇంటికి పోవచ్చు.

"ఈ కూజాను... పొరుగామె పంది కొవ్వుతో నింపి తిరిగి ఇచ్చింది," అని మొదలుపెట్టింది గోడవైపు చూస్తూ.

"రాశారే! పర్లేదు," అంది అమ్మమ్మ. ఆమె ముఖం మెత్తబడింది.

అప్పుడు కోర్నెలియా నోయెమి వైపు చూసి, మనమూ మనమూ ఒకటన్నట్టు, కన్ను గీటింది.

నోయెమి గబుక్కున చూపు తిప్పుకుంది. ఈవిడ పక్కనా తను చేరింది!

"కాదమ్మమ్మా, అబద్ధం చెప్పాను. ఇందులో అలా లేదు," అంది. కార్డు మీదున్నది ఉన్నట్టు, గట్టిగా చదివింది. 'నిండుగా' అన్న మాటను రెండుసార్లు చదివింది.

మేయరు చేతిలో గ్లాసుతో వచ్చాడు. "మా నాయనమ్మ అంటే అంతే, అవ్వా. ఉత్త చేతుల్తో ఎవరినీ పంపేది కాదు."

"నిజమే నాయనా. ఇల్లూ వాకిలీ పోగొట్టుకొచ్చినవాళ్లకి పంది కొవ్వు పెట్టిన మహాతల్లి. నువ్వూ ఆవిడ పోలికే." అమ్మమ్మ మనవరాలి వైపు తిరిగింది. "నా చేతులు వణుకుతాయి, నువ్వే తియ్యి."

నోయెమి తాడు కిందనుంచి దూరి కూజాను అందుకుంది.

"అది ఇప్పుడు మ్యూజియం సొత్తు!" కోర్నెలియా గొంతు కీచుమంది.

"షరతు నువ్వే తప్పావు. ఆ కార్డు ఉంచుకో, మీ మేయరు గారి ఇంటి పరువది," అంది అమ్మమ్మ. "కోడినీ ఉంచుకో. పాలు పోయాయి కదా, ఇప్పుడది మావాళ్లు తినే భోజనమైంది. ఆ మైనపు పిల్లలకి వడ్డించు, పాపం."

నోయెమి కూజాను పసిపిల్లలా చంకనెత్తుకుని, ఎవరికీ దారి ఇవ్వకుండా గుమ్మంకేసి నడిచింది.