అరిగిన వాషరు

బూట్ల లేసు ముడివేస్తుండగా వంటింట్లోంచి మళ్ళీ అదే పాట మొదలైంది.

"ఊరందరి కుళాయిలూ బాగుచేస్తారు. మనింట్లోది మాత్రం మూడు నెలల్నుంచి కారుతూనే ఉంది. పేరుకి కుళాయిల మేస్త్రీ పెళ్ళాన్ని!"

"సాయంత్రం చూస్తాలేవే."

"మీ సాయంత్రం ఎప్పుడొస్తుందో!"

నోట్లో బ్రష్షు పెట్టుకునే కూతురు కిసుక్కున నవ్వింది.

పాపం, భార్య అన్నదాంట్లో తప్పేముంది? అతను కుళాయిలు బాగుచేసే మాట నిజమే. పదకొండేళ్ళుగా ఆమెకు తెలియనిది తక్కిన సగం. యజమాని చెప్పిన ఇంటికి అతను రెండుసార్లు వెళ్ళేవాడు. కారని కుళాయి ఏ ఇంట్లో ఉంది గనక? మొదటిరోజు దాన్ని శుభ్రంగా బాగుచేసి, పని చేసినట్టు కనబడాలని అరిగిన వాషరు సింకు గట్టు మీద పెట్టి, గదులెన్నో తలుపులెటో చూసుకుని వచ్చేవాడు. మర్నాడు "సరిగ్గా పనిచేస్తోందా అండీ" అంటూ వెళ్ళి, ఆ ఇంటి మనిషిని చంపి వచ్చేవాడు. యజమాని మనుషులందరికీ నేర్పిన పద్ధతి అదే.

మొన్న తెగించి, మానేస్తానన్నాడు. పిల్ల ఎదుగుతోంది, ఇక నావల్ల కాదన్నాడు. యజమాని కోప్పడలేదు సరికదా, భుజం తట్టాడు. "సరే, ఈ ఒక్క ఇల్లూ చూసిపెట్టు" అన్నాడు. అప్పట్నుంచీ గుండె తేలికపడాల్సింది పోయి, ముద్ద దిగడం లేదు.

మేడమీద రెండు గదుల వాటా. ముసలాయన తలుపు తీసి, పక్కకి జరిగి దారిచ్చాడు. సింకు గట్టు మీద నిన్నటి వాషరు అలాగే ఉంది.

"చుక్క కారడం లేదు. మంచి పనివాడివి" అన్నాడు ముసలాయన. "కంగారేం లేదు, కూర్చో బాబూ. ఈ సంచీ నేనూ పంతొమ్మిదేళ్ళు మోశాను."

సంచీలో పెట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"నిన్ననే తెలిసిందా? మరి పారిపోలేదేం?"

"మోకాళ్ళు ఒప్పుకోవద్దూ!" ముసలాయన నవ్వాడు. "నెల కిందట మానేస్తానన్నాను. మీద పడతాడనుకున్నా. భుజం తట్టాడు."

అతనికి వదిలేసి వెళ్ళిపోదామనిపించింది. వదిలేస్తే ఇంట్లో ఇద్దరున్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి ముసలాయనే కళ్ళజోడు తీసి మడిచి, కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. ఎక్కువసేపు పట్టలేదు. అతను సంచీ సర్దుకుని, తలుపు దగ్గరగా వేసి మెట్లు దిగాడు.

దారిలో ఇంటికోసం ఒక వాషరు కొన్నాడు. అది మార్చేసి, చీకటి పడకముందే ఇద్దర్నీ తీసుకుని ఎటైనా వెళ్ళిపోవాలి. ఆ ఒక్క ఆలోచనతోనే కాళ్ళు ఇంటివైపు పరుగెత్తాయి.

తలుపు తీసిన భార్య ముఖం వెలిగిపోతోంది.

"వినండి, చుక్క పడితే ఒట్టు! మీ యజమాని మనిషిని పంపాడు. ఎంత మర్యాదస్థుడో! ఇల్లు చక్కగా ఉందని ప్రతి గదీ చూశాడు. పిల్ల ఏ బళ్ళో చదువుతోందో కూడా అడిగాడు. రేపు మీరున్నప్పుడు మళ్ళీ వచ్చి చూస్తాడట. తోడొచ్చినాయన ఇంకా కింద గేటు దగ్గరే కూర్చున్నాడు, మంచినీళ్ళిస్తానన్నా పైకి రాడే!"

అతను వంటింట్లోకి నడిచాడు. మూడు నెలలుగా వినిపించిన చప్పుడు లేదు. జేబులో కొత్త వాషరు వేళ్ళకు తగిలింది. సింకు గట్టు మీద, ఇంకా తడి ఆరని పాత వాషరు పెట్టి ఉంది.